మయూరశిఖ: రాతి పగుళ్ళలో ఎలా గుర్తుపట్టాలి, బెంగళూరు ఇంట్లో సిద్ధబీజాల నుంచి ఎలా పెంచాలి

ఫెర్న్ అనగానే నీడ, చెమ్మ, ఎప్పుడూ తడిగా ఉండే కుండీ గుర్తొస్తాయి. మయూరశిఖకు ఆ లెక్క పనికిరాదు. జానెడు కూడా ఎదగని ఈ ఫెర్న్ బండ పగుళ్ళలో, పాత రాతి గోడల సందుల్లో, మెట్లబావుల అంచుల్లో బతుకుతుంది. వానకు తడిసి పచ్చగా విప్పుకుంటుంది. వాన వెళ్ళిపోయాక ఆకులు ముడుచుకుని, రంగు తగ్గి, చచ్చిపోయిందేమో అనిపించేలా నెలల తరబడి అలాగే ఉంటుంది. మళ్ళీ గట్టి వాన పడితే అవే ఆకులు విచ్చుకుంటాయి. బహువార్షిక మొక్క కాబట్టి ఏళ్ళ తరబడి అదే పగులులో ఉండిపోతుంది.

శాస్త్రీయంగా దీని పేరు ఆక్టినియోప్టెరిస్ రేడియేటా, కుటుంబం టెరిడేసీ. ఆఫ్రికా, అరేబియా, భారత్, శ్రీలంకల్లోని పొడి రాతి నేలలు దీని తావులు. దక్కన్ పీఠభూమి దీనికి బాగా సరిపోయింది.

ఇళ్ళలో ఈ మొక్క చనిపోయేది ప్రధానంగా రెండు కారణాల వల్ల. ఒకటి, బండ మీద నుంచి పీకి తేవడం. రెండు, రోజూ నీళ్ళు పోయడం. ఈ మార్గదర్శి అంతా ఈ రెంటినీ తప్పించడం కోసమే: మొక్కను పీకకుండా సిద్ధబీజాలు (స్పోర్లు, ఫెర్న్‌కు విత్తనాల బదులు ఉండే ధూళి లాంటి బీజాలు) మాత్రమే తీసుకోవాలి, అది ఉన్న పగులు ఎలాంటిదో చూసి అలాంటి పగులునే కుండీలో కట్టాలి.

గుర్తుపట్టడం

ఆకును చూస్తే చిన్న తాటి మొక్కను అరచేతిలోకి కుదించినట్టు ఉంటుంది. సన్నటి గట్టి కాడ, దాని చివర విసనకర్రలా విచ్చుకున్న పత్రం. ఆ పత్రం రెండుగా, ఆ రెండూ మళ్ళీ రెండుగా చీలుతూ పోయి, చివరికి ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నని పట్టీలుగా ముగుస్తుంది. మొక్క ఎత్తు సాధారణంగా 8 నుంచి 20 సెంటీమీటర్లు. కాడలన్నీ ఒకే చోట గుబురుగా లేస్తాయి. అడుగున కాండం పొట్టిగా, ముదురు గోధుమరంగు పొలుసులు కప్పుకుని పగులు లోపలే దాగి ఉంటుంది.

ఒకే మొక్క మీద రెండు రకాల ఆకులు కనిపిస్తాయి. పొట్టిగా, పట్టీలు కాస్త వెడల్పుగా, కొసన పళ్ళు పళ్ళుగా ఉన్నవి వంధ్య ఆకులు. నిటారుగా, ఎత్తుగా, పట్టీలు సన్నగా ఉన్నవి సిద్ధబీజాలు మోసే ఆకులు. ఈ రెండో రకం ఆకును తిప్పి, 10 రెట్లు పెంచి చూపే చేతి లెన్సుతో చూడండి. పట్టీ అంచులు రెండు వైపులా వెనక్కి మడతపడి ఉంటాయి. ఆ మడతల కింద, పట్టీ పొడవునా రెండు గీతల్లా సిద్ధబీజాశయాలు, అంటే బీజాలుండే తిత్తులు, కనిపిస్తాయి. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే ఇక పొరపాటు జరగదు.

అదే తావుల్లో కనిపించే మిగతావాటిని విడదీయడం కష్టం కాదు. ఆకు త్రికోణంగా, సన్నగా చీలి, అడుగున తెల్లటి పిండి రాసినట్టుంటే అది చీలాంథిస్ జాతి రాతి ఫెర్న్. పొడవాటి ఆకు కొస నేలను తాకిన చోట వేరు వేసి కొత్త మొక్క పుట్టిస్తుంటే అది అడియాంటమ్ జాతుల్లో ఒకటి. గట్ల మీద, కాస్త చెమ్మ ఉన్న చోట ఉంటుంది. నిచ్చెన మెట్లలా రెండు వరుసల పొడవాటి రెబ్బలుండి, మోకాలెత్తు దాకా పెరిగేది టెరిస్ విట్టాటా. బెంగళూరు పాత గోడల మీద, డ్రైనేజీ అంచుల్లో ఇది బాగా కనిపిస్తుంది. నేలలోని ఆర్సెనిక్‌ను విపరీతంగా పీల్చి ఆకుల్లో దాచుకునే మొక్కగా 2001లో శాస్త్రవేత్తలు వెల్లడించినది ఈ టెరిస్ విట్టాటానే. అందుకే మురుగు పక్కన పెరిగిన దాన్ని తెచ్చి కంపోస్టులో వేయవద్దు.

సంజీవని పేరుతో అమ్మే ముడుచుకుపోయిన ఎండు ఉండ అసలు ఫెర్నే కాదు, సెలాజినెల్లా. ఇక పచారీ మూలికల దుకాణంలో మయూరశిఖ అడిగితే కోడిజుట్టు తోటకూర జాతి మొక్క చేతిలో పెట్టే అవకాశం ఉంది, ఆ పేరు దానికీ వాడతారు. పొడి రూపంలో ఏదీ కొనకండి, అందులో ఏముందో ఎవరూ చెప్పలేరు.

పగులును చదవడం

దీన్ని తొందరపడి దాటేయవద్దు. ఒక పూట బండ మీద కూర్చుని చూసింది కుండీలో ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

బెంగళూరు చుట్టూ ఉన్న రాయి రెండు రకాలు. నగరం కింద ఉన్నది నైస్ రాయి. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం నిలబడిన బండ దీనికి మంచి నమూనా. దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు, జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తింపు పొందింది. పడమటి వైపు రామనగర, సావన్‌దుర్గ కొండలు గ్రానైట్, వయసులో నైస్ కంటే చిన్నవి. రెండు రాళ్ళూ ఎండకు పొరలు పొరలుగా ఊడుతూ, సందుల్లో పదునైన గరుకు ఇసుకను రాలుస్తుంటాయి. మయూరశిఖ వేళ్ళకు దొరికే నేల ఆ గరుకు ఇసుకే. దానికి గాలి మోసుకొచ్చిన దుమ్ము, కుళ్ళిన నాచు కాస్త తోడవుతాయి.

వెతకాల్సింది పరుపుబండ నడిమధ్యన కాదు, అక్కడ ఎండ నేరుగా కొడుతుంది. పెద్ద గుండు, దాని కింది బండ కలిసే చోట సందు చూడండి. నిట్టనిలువు బండకు ఉత్తరం వైపో తూర్పు వైపో ఉన్న పగుళ్ళు చూడండి. వాన పడినప్పుడు నీరు జారే నల్లటి చారలుంటాయి కదా, ఆ చారకు అడుగు దూరంలో ఉన్న నెర్రెలు మరీ మంచి తావులు. చార మధ్యలో నీటి ధాటికి మట్టి నిలవదు, బాగా దూరంలో తడి అందదు. రాతి మీద దోనెల్లా గుంటలు పడి నీరు నిలిచే చోట మాత్రం ఇది దాదాపు కనిపించదు. ఒక పలచటి మట్టి పొర మాత్రమే ఉండి, వానాకాలంలో గడ్డి మొలిచే చోట్ల ఓఫియోగ్లాసమ్ అనే మరో చిన్న ఫెర్న్ దొరకవచ్చు. ఒంటి ఆకు, మధ్యలో నాలుకలా లేచిన కంకి. దాని జాతిలో ఒకదానికి కణానికి వెయ్యికి పైగా క్రోమోజోములు ఉన్నాయి. దొరికితే వంగి చూడండి, తొక్కకండి.

మొక్క కనిపించాక నాలుగు విషయాలు రాసుకోండి. పగులు వెడల్పు, అగ్గిపుల్ల అడ్డంగా పట్టేంతా, చిటికెన వేలు దూరేంతా. పగులు వాలు, నీరు లోపలికి దిగుతుందా బయటికి జారుతుందా. ఎండ ఎన్ని గంటలు పడుతుంది, ఏ పూట. పక్కన ఏముంది, నాచు, లైకెన్, గడ్డి, ఇంకో ఫెర్న్. ఫోన్‌లో దిక్సూచి యాప్ ఉంటుంది, దిక్కు ఊహించకుండా చూసి రాయండి. ఫోటోలు మూడు: మొత్తం పగులు కనిపించేలా ఒకటి, రూపాయి బిళ్ళ పక్కన పెట్టి మొక్క ఒకటి, సిద్ధబీజాలు మోసే ఆకు అడుగు భాగం ఒకటి. ఆ మూడోది లేకపోతే ఫోటో చూసి నిర్ధారించడం ఎవరికైనా కష్టం. జీవజాతుల ఫోటోలు పంచుకునే ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వెబ్‌సైటులో పెట్టేటప్పుడు కచ్చితమైన చోటును దాచండి. మందుమొక్కగా పేరున్న దాన్ని వేళ్ళతో సహా ఏరేవాళ్ళు ఉంటారు.

ఒకే కొండను రెండుసార్లు చూడాలి, ఒకసారి ఏప్రిల్‌లో, ఒకసారి అక్టోబరులో. ఏప్రిల్‌లో కాళ్ళు కాలే బండ మీద ముడుచుకున్న గోధుమరంగు పిడికళ్ళు కనిపిస్తాయి. రాయి ఎంత కాలినా పగులు లోపల రెండు మూడు అంగుళాల కింద చల్లగానే ఉంటుంది, కాండం దాక్కునేది అక్కడే. ఈ మొక్క కాండం నీడలో, ఆకులు వెలుతురులో ఉండాలి. కుండీలో పెంచేటప్పుడు మీరు కాపాడాల్సింది ఈ ఒక్క ఏర్పాటునే.

రాతి గోడల్లో ఇంకో తేడా గమనించండి. సున్నం గారతో కట్టిన పాత గోడల సందుల్లో ఫెర్న్‌లు బాగా ఉంటాయి, సిమెంటుతో కొత్తగా సందులు పూసిన గోడల్లో ఉండవు. గార మెత్తగా, సూక్ష్మరంధ్రాలతో ఉండి తడిని పీల్చి మెల్లగా వదులుతుంది. సిమెంటు సందును మూసేస్తుంది, నీటిని పట్టదు.

ఎక్కడి నుంచి తీసుకోవచ్చు

అభయారణ్యాల్లో, జాతీయ ఉద్యానాల్లో మొక్కలు పీకడం, కోయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బన్నేర్‌ఘట్ట, రామదేవరబెట్ట లాంటి చోట్ల చూడండి, ఫోటో తీయండి, అంతే. లాల్‌బాగ్ బండ మీద ఆకు ముక్క కూడా తుంచవద్దు. రిజర్వు అడవుల్లోనూ అనుమతి లేకుండా ఏదీ తీసుకోకూడదు.

మిగిలేవి సొంత భూములు. బెంగళూరులో ఉండే మనవాళ్ళలో చాలామందికి అనంతపురం, చిత్తూరు, కోలారు వైపు ఊళ్ళలో పొలం ఉంటుంది. పొలం పక్క గుండ్లు, పాత మోటబావి గోడ, దొడ్డి ప్రహరీ, ఇవే మీ తావులు. సొంతం కాకపోతే పెద్దవాళ్ళను అడిగి తీసుకోండి. ఒక చోట కనీసం పాతిక మొక్కలు ఉంటేనే తీసుకోండి. తీసుకునేది కూడా ముదిరిన సిద్ధబీజ ఆకులో రెండు మూడు పట్టీలు, అదీ నాలుగైదు మొక్కల్లో, మొక్కకు ఒక ఆకు నుంచే. మొత్తం ఆకు కూడా అక్కర్లేదు.

పీకి తెస్తే ఎందుకు బతకదో తెలిస్తే చెయ్యి ఆగుతుంది. వేళ్ళు సన్నటి దారాల్లా రాతి పొరల మధ్యకు పాకి ఉంటాయి. లాగినప్పుడు కాండం, నాలుగు పొట్టి వేళ్ళు చేతికొస్తాయి, నీరు పీల్చే కొసలన్నీ రాయిలోనే తెగిపోతాయి. కుండీలో పెట్టాక పది రోజులు పచ్చగా ఉండి మోసం చేస్తుంది, ఆ తర్వాత కాండం కుళ్ళుతుంది.

సిద్ధబీజాలు సేకరించడం

వేళ నవంబరు నుంచి జనవరి. బెంగళూరులో వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ. ఆ తడికి ఎదిగిన ఆకుల్లో వాన వెలిశాక సిద్ధబీజాలు ముదురుతాయి. మడత అంచు కింద లేత ఆకుపచ్చ కనిపిస్తే ఇంకా కాలేదు. ముదురు గోధుమరంగులో నిండుగా మెరుస్తుంటే సరైన అదను. చిరిగిన పొట్టులా, ఖాళీగా కనిపిస్తే అప్పటికే రాలిపోయాయి. ఏమీ మొలవలేదు అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి కారణం ఈ ఖాళీ ఆకులే, కాబట్టి లెన్సు లేకుండా కోయవద్దు.

కోసిన పట్టీలను నున్నటి తెల్ల కాగితం మడతలో పెట్టి, ఫ్యాను గాలి తగలని పొడి గదిలో పుస్తకం కింద రెండు మూడు రోజులు ఉంచండి. సిద్ధబీజాశయం చుట్టూ ఒక కణాల పట్టీ ఉంటుంది. అది ఎండుతూ బిగిసి, ఒక్కసారిగా వెనక్కి కొట్టి, బీజాలను విసురుతుంది. అందుకే పొడి గది కావాలి, ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు తప్ప ఇంకేమీ రాదు.

కాగితం విప్పితే పొట్టు, ధూళి కలిసి కనిపిస్తాయి. కాగితాన్ని కాస్త వాల్చి వేలితో మెల్లగా తట్టండి. తేలికైన పొట్టు ముందు జారిపోతుంది, సన్నటి ధూళి కాగితానికి అంటుకుని నిదానంగా కదులుతుంది. మీకు కావాల్సింది ఆ ధూళి. పొట్టుతో బూజు వస్తుంది కాబట్టి ఈ పని రెండుసార్లు చేయండి. వెంటనే చల్లకపోతే కాగితం పొట్లం కట్టి, తేదీ, చోటు రాసి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో వేసి ఫ్రిజ్ తలుపులో ఉంచండి. ఆకుపచ్చ బీజాలున్న ఫెర్న్‌ల మాదిరి కాకుండా గోధుమరంగు బీజాలు నెలల తరబడి నిలవ ఉంటాయి.

ఇటుక, డబ్బా, కుక్కరు

కావాల్సినవి: మూత బిగుతుగా పట్టే పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు మూడు, సగం ఇటుక పట్టేంతవి, బాగా కాలిన ఎర్ర మట్టి ఇటుకలు, సగానికి విరిచినవి మూడు, ఇటుక పొడి, జల్లించిన ఆకు ఎరువు, ఆర్‌ఓ నీళ్ళో, వాన నీళ్ళో. సిమెంటు బ్లాకు పనికిరాదు, క్షారం ఎక్కువ.

ఇటుకను రాత్రంతా నానబెట్టండి. రెండు పాళ్ళు ఇటుక పొడి, ఒక పాలు ఆకు ఎరువు కలిపి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, తడి చేసి స్టీలు గిన్నెలో మూత పెట్టండి. ఇటుకలూ గిన్నే ప్రెషర్ కుక్కర్‌లో స్టాండు మీద పెట్టి, అడుగున రెండు అంగుళాల నీళ్ళు పోసి, మొదటి కూత తర్వాత సన్న మంట మీద 25 నిమిషాలు ఉంచండి. తర్వాత మూత తీయకుండా తెల్లవారే దాకా చల్లారనివ్వండి. డబ్బాలు, మూతలు సబ్బుతో కడిగి వేడి నీళ్ళతో తొలచండి. ఈ శుద్ధి వదిలేస్తే మట్టిలోని బూజు, నాచు, ఇతర ఫెర్న్‌ల బీజాలు మీ మొక్క కంటే ముందు మొలుస్తాయి.

డబ్బాలో ఇటుక పెట్టి, మరిగించి చల్లార్చిన నీళ్ళు ఇటుక మూడో వంతు ఎత్తు వరకు పోయండి. ఇటుక మీద కలిపిన మిశ్రమం అర సెంటీమీటరు మందాన పరచండి. ఇటుక కింది నుంచి నీరు పీల్చి పైకి తెస్తుంది. పై నుంచి నీళ్ళు పోయాల్సిన పని ఉండదు, ధూళి లాంటి బీజాలు కొట్టుకుపోవు.

చల్లడం, ఆ తర్వాతి నెలలు

రెండు డబ్బాల్లో చల్లండి. మూడోదాన్ని ఇటుక, మిశ్రమంతోనే సిద్ధం చేసి, బీజాలు మాత్రం చల్లకుండా మూత పెట్టి పక్కనే ఉంచండి. ఇది దండగ పని అనిపిస్తుంది, కానీ అత్యవసరం. బెంగళూరు గాలిలో టెరిస్, నెఫ్రోలెపిస్ లాంటి కలుపు ఫెర్న్‌ల బీజాలు ఎప్పుడూ ఎగురుతుంటాయి. ఆ మూడో డబ్బాలో కూడా పచ్చటి పొర వచ్చిందంటే మీ శుద్ధిలో లోపం ఉంది, మిగతా రెండు డబ్బాల్లో మొలిచింది కూడా మయూరశిఖ అని నమ్మలేం.

కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, కాగితాన్ని ఒక జానెడు ఎత్తున పట్టుకుని గోటితో మీటండి. కంటికి కనీకనిపించనంత పలచగా పడాలి. ఒత్తుగా పడితే మొలకలు ఒకదాన్నొకటి నొక్కేసుకుని, మగ అవయవాలతోనే ఆగిపోతాయి. మట్టి కప్పవద్దు, బీజం మొలవడానికి వెలుతురు కావాలి. మూత వేసి, అంచు చుట్టూ టేపు అతికించి, తేదీ రాయండి.

తూర్పు కిటికీకి రెండు మూడు అడుగుల దూరంలో, నేరుగా ఎండ పడని చోట పెట్టండి. ఎండ తగిలితే మూసిన డబ్బా లోపల వేడి గంటలో బీజాన్ని చంపేసేంత పెరుగుతుంది. కిటికీ లేకపోతే తెల్ల ఎల్ఈడీ ట్యూబు కింద 30 సెంటీమీటర్ల దూరంలో రోజుకు 12 గంటలు. 22 నుంచి 28 డిగ్రీల వేడి బాగుంటుంది, డిసెంబరు రాత్రుల్లో నిదానిస్తుంది కానీ చావదు.

రెండు నుంచి నాలుగు వారాల్లో పచ్చటి మసక పొర కనిపిస్తుంది. రెండు మూడు నెలల్లో అది చిన్న చిన్న రేకులుగా విడిపోతుంది. ఈ రేకే ప్రొథాలస్. కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు, పైన ఒక నొక్కు, అడుగున వెంట్రుకల్లాంటి వేర్లు. ఫెర్న్‌ల జీవితంలో ఇది వేరే తరం. దీని అడుగు భాగంలోనే మగ, ఆడ అవయవాలు పుడతాయి, మగ కణం నీటి పొరలో ఈది ఆడ కణాన్ని చేరాలి. కాబట్టి రేకులు పూర్తిగా విచ్చుకున్నాక వారానికోసారి మూత తీసి, మరిగించి చల్లార్చిన నీళ్ళు సన్నటి స్ప్రేతో రేకులు తడిసేలా కొట్టి వెంటనే మూయండి. ఈ తడి ఇవ్వక రేకులు ఆరు నెలలైనా రేకులుగానే ఉండిపోయిన డబ్బాలు ఎన్నో.

నాలుగైదు నెలలకు నొక్కు దగ్గర నుంచి మొదటి ఆకు లేస్తుంది. అది అంగుళంలో నాలుగో వంతు కూడా ఉండదు. తర్వాత వచ్చే ఆకులు రెండుగా చీలుతూ విసనకర్ర ఆకారం చూపిస్తాయి. గుండ్రటి, నిచ్చెన మెట్ల రెబ్బలతో వచ్చేవాటిని పట్టకారుతో తీసేయండి, అవి గాలి తెచ్చినవి.

బూజు తెల్ల దూదిలా ఒక మూల మొదలవుతుంది. కనపడిన రోజే దాని చుట్టూ ఒక సెంటీమీటరు అదనంగా, స్పూనుతో మట్టి సహా తీసేసి, డబ్బాను ఒక రాత్రి మూత కాస్త తెరిచి ఉంచండి. శిలీంధ్రనాశినులు ప్రొథాలస్‌ను కూడా దెబ్బతీస్తాయి, వాడొద్దు. జిగటగా నల్లటి ఆకుపచ్చ పొర వస్తే నీరు ఎక్కువైంది, ఇటుక చుట్టూ నీటి మట్టం తగ్గించండి. మూత తీసి వదిలేసిన డబ్బాల్లో చిన్న నల్ల ఈగలు గుడ్లు పెడతాయి. వాటి పురుగులు రేకులను అడుగు నుంచి కొరుకుతాయి. గది అంతటికీ ఒక పసుపు జిగురు అట్ట సరిపోతుంది, కానీ అసలు మందు మూత బిగించడమే.

బయటి గాలికి అలవాటు చేయడం

నవంబరు చివర చల్లితే మొలకలు మూడు నాలుగు ఆకులకు చేరేసరికి మే, జూన్ వస్తుంది. ఈ కాలం కావాలనే ఎంచుకున్నది. డబ్బాలో నిండా తేమ మధ్య పెరిగిన ఆకును ఫిబ్రవరి, మార్చి పొడి గాలిలో పెడితే ఒక్క పూటలో మాడుతుంది. తొలి వానలు పడి, గాలిలో తేమ పెరిగాక మూత తెరవాలి. మొదటి వారం ఒక సెంటీమీటరు, రెండో వారం సగం, మూడో వారం పగలంతా తీసి రాత్రి మూత, నాలుగో వారం మూతే లేదు. ఆకు కొసలు గోధుమరంగు తిరిగితే ఒక అడుగు వెనక్కి వెళ్ళి వారం ఆగండి.

కుండీలో పగులు కట్టడం

ప్లాస్టిక్ కుండీ వద్దు. వెడల్పుగా, తక్కువ లోతున్న మట్టి మూకుడు, అడుగున రంధ్రం ఉన్నది, 15 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల లోతు. రాళ్ళ దుకాణంలో పారేసిన గ్రానైట్ పలక ముక్కలో, కడప బండ ముక్కలో రెండు తెచ్చుకోండి, అరచెయ్యంత. వీటిని మూకుడులో నిలువుగా, ఒకదానికొకటి ఎదురుగా, మధ్య ఒకటిన్నర సెంటీమీటర్ల సందు ఉండేలా నిలబెట్టండి. సందు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దుటి ఎండ ఆకుకు తగులుతుంది, మొదలుకు రాతి నీడ ఉంటుంది.

మట్టి మిశ్రమం ఇలా: మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల గ్రానైట్ చిప్స్ ఐదు పాళ్ళు, చితక్కొట్టిన ఇటుక ముక్కలు రెండు పాళ్ళు, ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఆకు ఎరువు ఒక పాలు. చిప్స్ బదులు ఎం-శాండ్ (రాయిని పిండి చేసిన ఇసుక) వాడాలనుకుంటే నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. అందులోని రాతి పొడి నాలుగు తడుపులకే గట్టిపడి సందులన్నీ మూసేస్తుంది. కూల్చిన పాత ఇంటి సున్నం గార ముక్కలు దొరికితే పదో వంతు కలపండి, మంచిదే. కొత్త సున్నం మాత్రం వేయవద్దు, వేళ్ళను కాల్చేస్తుంది. వర్మీ కంపోస్టు, కోకోపీట్ ఎక్కువగా వేస్తే మూకుడు తడి ఆరదు, ఈ మొక్కకు అదే చావు.

మిశ్రమం నింపాక గ్లాసుడు నీళ్ళు పోసి చూడండి. అర నిమిషంలో అడుగు నుంచి కారిపోవాలి. కారకపోతే చిప్స్ పెంచండి. అప్పుడు మొలకను కింద అతుక్కున్న మట్టితో సహా చిన్న స్పూనుతో తీసి సందులో దించి, మొదలు రాతి అంచుకు అర అంగుళం లోపలే ఉండేలా పెట్టి, చుట్టూ చిప్స్ సర్దండి. పైన కాస్త సజీవ నాచు అద్దితే మొదటి నెలల్లో తడి త్వరగా పోదు.

ఎరువు దాదాపు అక్కర్లేదు. వానాకాలంలో ఒకే ఒక్కసారి, మామూలు మోతాదులో నాలుగో వంతు ద్రవ ఎరువు చాలు.

నీళ్ళు: ఏవి, ఎప్పుడు

ఏ నీళ్ళు అన్నది బెంగళూరులో పెద్ద ప్రశ్నే. బోరు నీళ్ళలోని కాఠిన్యం ఆకుల మీద తెల్ల పొరగా మిగిలి, కొన్ని నెలల్లో ఆకును మూసేస్తుంది. దానికి విరుగుడుగా అపార్ట్‌మెంట్లలో పెట్టే సాఫ్ట్‌నర్ నీళ్ళు ఇంకా చేటు. అవి కాల్షియాన్ని తీసి ఆ స్థానంలో సోడియాన్ని చేర్చిన నీళ్ళు, ఇంత చిన్న మూకుడులో ఉప్పు పేరుకుపోతుంది. వాన నీళ్ళు అన్నిటికంటే మేలు. నాలుగు వానల్లో రెండు బకెట్లు పట్టి మూత పెట్టుకుంటే ఏడాదంతా సరిపోతుంది. అవి లేనప్పుడు కావేరి నీళ్ళు ఒక రాత్రి నిల్వ ఉంచి వాడండి.

మొదటి ఏడాది మొక్కను పూర్తిగా ముడుచుకోనివ్వకండి, వేళ్ళు ఇంకా పైపైనే ఉంటాయి. మట్టి పై అంగుళం ఆరగానే తడపండి. రెండో ఏడాది నుంచి తీరు మారాలి. జూన్ నుంచి నవంబరు వరకు వానకు వదిలేయండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వారం పది రోజులకోసారి. మార్చి నుంచి మే వరకు రెండు వారాలకోసారి సాయంత్రం మూకుడు మొత్తం బాగా నానేలా పోసి, తర్వాత ముట్టుకోవద్దు. ఆకులు ముడుచుకుంటాయి, ముడుచుకోనివ్వండి. ఇంటికొచ్చిన వాళ్ళు చచ్చిపోయిందని చెప్పి నీళ్ళు పోయకుండా ఒక చీటీ పెట్టడం మంచిది. రోజూ కాసిన్ని నీళ్ళు చిలకరిస్తే పై పొర తడుస్తుంది, లోపలి వేరు ఎండుతుంది, మొదలు కుళ్ళుతుంది, ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి.

ముడుచుకోవడానికీ చావుకీ తేడా ఇలా తెలుసుకోండి. ముడుచుకున్న ఆకు వంచితే సాగుతుంది, కాడ గట్టిగా ఉంటుంది, మొదలు నొక్కితే గట్టిగా తగులుతుంది. చచ్చిన ఆకు నొక్కగానే పొడి అవుతుంది, మొదలు మెత్తబడి నల్లగా ఉంటుంది. సందేహం ఉంటే ఒకసారి నానబెట్టి రెండు రోజులు చూడండి.

పొలుసు పురుగు కాడల మీద చిన్న గోధుమ బుడిపెల్లా పడితే పాత టూత్‌బ్రష్‌తో నీళ్ళు పెట్టి రుద్ది తీయండి. వేపనూనె చాలా ఫెర్న్‌ల ఆకులను మాడుస్తుంది, ఇక్కడ దాని జోలికి పోవద్దు.

గోడలో నాటాలంటే

ఇంటికి సైజు రాళ్ళ ప్రహరీ ఉండి, సందుల్లో సిమెంటు పూర్తిగా కప్పకుండా ఉంటే మొక్క అక్కడే ఇంకా బాగుంటుంది. జూన్ రెండో వారం తర్వాత, ఉత్తరం లేదా తూర్పు ముఖంలో, మొల ఎత్తున ఒక నెర్రె ఎంచుకోండి. నెర్రె లోపలికి, కిందికి వాలి ఉండాలి. ఏడాది వయసు మొక్క వేళ్ళ చుట్టూ ఎర్రమట్టి, నాచు కలిపి ఉండలా పట్టి, పుల్లతో లోపలికి దించి, చిన్న రాతి ముక్కతో బిగించండి. వాన లేని రోజుల్లో మొదటి రెండు నెలలు సాయంత్రం పూట స్ప్రే కొట్టండి.

గోడ శుభ్రం చేసే వాళ్ళకు ముందుగానే చూపించి చెప్పండి: గోడను చీల్చేది రావి, మర్రి మొలకలు, వాటిని వేళ్ళతో సహా పీకేయాలి. దారం లాంటి వేళ్ళున్న ఈ ఫెర్న్ గోడను ఏమీ చేయదు. కలుపు మందు కొట్టనివ్వకండి, నీటి జెట్ మెషీన్‌తో కడగనివ్వకండి. సందులు మళ్ళీ పూయాల్సి వస్తే మొక్క చుట్టూ బెత్తెడు మేర వదిలి, మిగతా చోట సిమెంటు కాకుండా సున్నం గారే పూయమనండి.